సగం కనిపించిన రన్‌వే

డిసెంబరు రెండో సగంలో మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు తెల్లవారుజామున బయల్దేరితే సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు మొత్తం తెల్లగా మూసుకుపోయి ఉంటుంది. వానాకాలం వరి కోతలు అయిపోయి, యాసంగి నాట్ల కోసం మడులు నీళ్లతో నిండే రోజులవి. సూర్యాపేట, మునగాల దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు లైట్లన్నీ వేసుకుని నత్తనడకన సాగుతాయి. ఒక మలుపు దాకా రోడ్డు బాగానే కనిపిస్తుంది, తర్వాతి చెరువు కట్ట దగ్గరికి రాగానే మాయమవుతుంది. ఎనిమిదీ తొమ్మిదింటికల్లా మంచు విడిపోయి మామూలు ఎండ కాస్తుంది.

ఈ మంచు పుట్టాలంటే కొన్ని పరిస్థితులు ఒకేసారి కుదరాలి. రాత్రి పొడవుగా ఉండాలి, ఆకాశంలో మబ్బు ఉండకూడదు. పగలు వేడెక్కిన నేల రాత్రంతా ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. మబ్బు ఉంటే అందులో చాలా భాగం తిరిగి కిందికే వస్తుంది, లేకపోతే అంతరిక్షంలోకి పోతుంది. నేల చల్లబడితే దాన్ని ఆనుకుని ఉన్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచలేదు కాబట్టి మిగిలిన ఆవిరి నీటి తుంపరలుగా మారుతుంది. గాలి అసలే కదలకపోతే ఆ నీరు గడ్డి మీద మంచు బిందువులుగా ఆగిపోతుంది. మరీ ఎక్కువ వీస్తే పైనున్న పొడిగాలి వచ్చి కలిసిపోతుంది. ఆకు కదిలీ కదలనట్టుండే గాలి కావాలి. ఆవిరి పేరుకోవడానికి గాలిలో సన్నటి నలుసులు కూడా ఉండాలి. పొయ్యిల పొగ, వరి కొయ్యలు కాల్చిన పొగ, రైసుమిల్లు బాయిలర్ల పొగ, లారీల పొగ ఆ పని చేస్తాయి. తడిసిన పొలాలూ వరుసగా మిల్లులూ ఉన్న మిర్యాలగూడ ప్రాంతంలో వీటిలో దేనికీ కొరత లేదు.

ఒక ఘనమీటరు పొగమంచులో ఉండే నీరు సాధారణంగా అర గ్రాముకు మించదు. అంత తక్కువ నీరు ఎదురుగా వస్తున్న లారీని ఎలా దాచేస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. రెండు మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక వాన చినుకును తీసుకుందాం. పొగమంచు తుంపర వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు, అంటే నూరో వంతు. ఆ చినుకులోని నీటితో ఇలాంటి తుంపరలు పది లక్షలు తయారవుతాయి. ఒక్కో తుంపర కాంతికి అడ్డుపడే వైశాల్యం చినుకు వైశాల్యంలో పదివేలో వంతే. అయితే అలాంటివి పది లక్షలు కాబట్టి మొత్తం మీద అడ్డు నూరు రెట్లవుతుంది. అందుకే జడివానలో ముందున్న బస్సు వెనకభాగం కనిపించినా, చుక్క నీరు కారని పొగమంచులో కనిపించదు. హైబీమ్ వేస్తే ఆ వెలుతురు తుంపరల మీద పడి తిరిగి డ్రైవరు కళ్లలోకే వస్తుంది.

కోదాడ వాళ్లు విమానం ఎక్కాలంటే గన్నవరానికైనా వెళ్లాలి, శంషాబాద్‌కైనా వెళ్లాలి. చలికాలంలో గన్నవరంలో ఉదయం విమానాలు ఆలస్యం కావడం, పైనే చక్కర్లు కొట్టడం, ఒక్కోసారి హైదరాబాద్ వైపు మళ్లడం వార్తల్లో చూస్తూనే ఉంటాం. అలా గాల్లో తిరుగుతున్నప్పుడు కిటికీ పక్క సీట్లో ఉన్నవాళ్లకు ఒక సందేహం వస్తుంది. కింద రన్‌వే కనిపిస్తోంది, పక్కన రోడ్డూ కొబ్బరిచెట్లూ కూడా తెలుస్తున్నాయి. మరి పైలట్ ఎందుకు దించడు?

వాళ్లకు కనిపిస్తున్నది నిజమే. దోమతెరకు ఎదురుగా నిలబడితే అవతలి మనిషి ముఖం పోల్చుకోవచ్చు, తెర వెంబడి ఏటవాలుగా చూస్తే తెలుపు తప్ప ఏమీ తెలియదు. పొగమంచు పొర విషయంలోనూ అంతే. నేలను ఆనుకుని 60 మీటర్ల మందాన పొగమంచు ఉందనీ, అందులో 500 మీటర్ల దూరమే కనిపిస్తుందనీ అనుకుందాం. సరిగ్గా పైనుంచి కిందికి చూసే చూపు దాటాల్సింది ఆ 60 మీటర్లే. ఆ దారిలో వస్తువుకూ దాని వెనకటి నేపథ్యానికీ ఉన్న తేడాలో నూటికి 70 వంతులు మిగులుతాయి. దిగడానికి వస్తున్న విమానం మాత్రం నేలకు మూడు డిగ్రీల వాలులో వస్తుంది. ఆ వాలు వెంట అదే పొరను దాటాలంటే చూపు దాదాపు 1,150 మీటర్లు పొగమంచులోనే ప్రయాణించాలి. అప్పుడు మిగిలేది వెయ్యింట ఒక వంతు, అంటే ఏమీ లేనట్టే. నిమిషం కింద పైనుంచి చక్కగా కనిపించిన రన్‌వే దిగే దారిలోకి రాగానే అదృశ్యమవుతుంది.

ఈ అధ్యాయంలో పట్టుకోవాల్సిన సంగతి ఇక్కడే ఉంది. ఏమీ కనిపించకపోతే పైలట్ వెనక్కి తిరుగుతాడు, అది నియమం. కాస్త కనిపించినప్పుడే చిక్కు. ఇంకాస్త కిందికి వెళ్తే మొత్తం కనిపిస్తుందేమోనని ఆ కాస్తా ఆశ పెడుతుంది.

మామూలు వాతావరణంలో కూడా విమానాన్ని రన్‌వే వైపు నడిపేది చాలావరకు ఐఎల్ఎస్ అనే రేడియో ఏర్పాటే. రన్‌వే చివర ఉండే ఒక యాంటెనా ఎడమ కుడి చెబుతుంది, పక్కన ఉండే మరొకటి ఎత్తు పల్లాలు చెబుతుంది. రెండూ చేసే పని ఒకటే. 90 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ సంకేతాలను రెండు వైపులకూ పంపుతాయి. రెండూ సమానంగా అందితే విమానం సరైన గీత మీద ఉన్నట్టు, ఒకటి ఎక్కువైతే పక్కకు జరిగినట్టు. పొగమంచు తుంపరలు కాంతిని చెదరగొట్టినట్టు ఈ రేడియో తరంగాలను చెదరగొట్టలేవు. ఐఎల్ఎస్ లేని చిన్న విమానాశ్రయాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ అనే ఉపగ్రహ వ్యవస్థను తయారు చేశాయి. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానమొకటి దాని సాయంతో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది.

అయితే మామూలు ఐఎల్ఎస్ పైలట్‌ను నేల దాకా తీసుకురాదు. మొదటి శ్రేణిలో 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వేనో, దాని ముందు వరుసగా వెలిగే దీపాలనో పైలట్ కళ్లారా చూడాలి. ఆ ఎత్తును నిర్ణయ ఎత్తు అంటారు. అక్కడికి వచ్చేసరికి విమానం సెకనుకు 70 మీటర్ల వేగంతో పోతూ, సుమారు నాలుగు మీటర్ల చొప్పున కిందికి దిగుతూ ఉంటుంది. చక్రాలు నేలను తాకడానికి పదహారు సెకన్లకు మించి ఉండదు. అప్పటిదాకా పరికరాల మీదున్న కళ్లు ఆ వ్యవధిలోనే బయటికి మళ్లాలి, కనిపించిన నాలుగు దీపాలను బట్టి విమానం ఎటు ఒరిగిందో, ఎక్కడుందో అర్థం చేసుకోవాలి, దిగడమా లేవడమా తేల్చుకోవాలి. లేవాలనుకున్నా ఇంజిన్లు పూర్తి శక్తి అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆలోగా విమానం ఇంకొంచెం కిందికి జారుతుంది.

దీపాలు ఎంత దూరం కనిపిస్తాయో రన్‌వే పక్కనుండే పరికరాలు కొలిచి చెబుతాయి. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారు చేసిన ‘దృష్టి’ అలాంటిదే. ఒక స్తంభం నుంచి బయల్దేరిన కాంతిలో రెండో స్తంభం దగ్గరికి ఎంత చేరిందో అది చూస్తుంది. పెద్ద రన్‌వేల మీద దిగే చోట, మధ్యలో, చివర విడివిడిగా కొలుస్తారు. మునగాల రోడ్డు మీద మంచు ముద్దలు ముద్దలుగా ఉన్నట్టే రన్‌వే మీదా ఉంటుంది కాబట్టి ఒక్కచోట కొలిస్తే చాలదు. మొదటి శ్రేణి ఐఎల్ఎస్‌కు ఈ దూరం 550 మీటర్లుండాలి. ఢిల్లీ లాంటి చోట్ల మూడో శ్రేణిలో 50 మీటర్లున్నా దిగవచ్చు. అందుకు విమానంలో తగిన యంత్రాలు, రన్‌వేలో తగిన దీపాలు, పైలట్‌కు ప్రత్యేక శిక్షణ, మూడూ ఉండాలి. ఒక్కటి తగ్గినా ఇంకో ఊరు చూసుకోవాల్సిందే.

ఇక, ఇంకాస్త కిందికి వెళ్తే కనిపిస్తుందన్న ఆ ఆశ చేసిన నష్టం చూద్దాం. 1973 మే 31న మద్రాసు నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఢిల్లీ పాలం విమానాశ్రయానికి దుమ్ము తుఫానులో చేరింది. రన్‌వే కనిపించకుండానే దిగకూడని ఎత్తు కంటే కిందికి దిగి, హైటెన్షన్ తీగలను తగిలి కూలిపోయింది. 65 మందిలో 48 మంది పోయారు. కేంద్ర ఉక్కు, గనుల మంత్రి మోహన్ కుమారమంగళం వాళ్లలో ఒకరు. పదిహేనేళ్ల తర్వాత, 1988 అక్టోబర్ 19న, బొంబాయి నుంచి అహ్మదాబాద్ వచ్చిన మరో 737 ఉదయపు మసకలో చెట్లను తగిలి, రన్‌వేకు రెండున్నర కిలోమీటర్ల ముందే నేలకూలింది. 135 మందిలో 130 మందికి పైగా చనిపోయారు. ఆ ఉదయం అక్కడ దృశ్యత రెండు కిలోమీటర్లుంది. సూర్యాపేట రోడ్డు మీద రెండు కిలోమీటర్లు కనిపిస్తే ఏ లారీ డ్రైవరూ దాన్ని మంచు అని కూడా అనడు. వాతావరణ శాఖ లెక్కలో కూడా అది పొగమంచు కాదు, కిలోమీటరు లోపైతేనే ఆ పేరు. ఇద్దరు పైలట్లూ రన్‌వే కోసం వెతుకుతూ బయటికే చూస్తుండిపోయారు. ఎత్తు ఎంతుందో పైకి చదివి చెప్పేవాళ్లు లేకపోయారు.

కాక్‌పిట్‌లో ఇద్దరుండేది ఇందుకే. ఒకరు బయటికి చూస్తుంటే రెండోవారి కళ్లు పరికరాల మీదే ఉండాలి, ఎత్తును గట్టిగా చెబుతూ ఉండాలి. చెప్పింది వినేవాళ్లు కూడా ఉండాలి. 2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచి కోళికోడ్ వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం జోరువానలో మొదటిసారి దిగలేక పైకి లేచింది. రెండోసారి రన్‌వే అటు చివరి నుంచి, వెనకగాలితో వచ్చింది. ఈసారి రన్‌వే కనిపించింది. కానీ విమానం 2,700 మీటర్ల రన్‌వేలో దాదాపు సగం దాటాక నేలను తాకింది. పైకి లేవమని సహపైలట్ చెప్పిన మాట అప్పటికే వచ్చింది. గుట్ట మీద కట్టిన ఆ రన్‌వే చివర 30 మీటర్లకు పైగా లోతుంది. 190 మందిలో 21 మంది చనిపోయారు. రన్‌వే కనిపించిందంటే దిగడానికి వీలైందని అర్థం కాదు. ఎక్కడ, ఎంత వేగంతో, ఎంత ఎత్తులో కనిపించిందన్నది అసలు ప్రశ్న.

మసకలో కన్ను చూసినదాన్ని మెదడు ఎలా అర్థం చేసుకుంటుందన్నది ఇంకో పేచీ. రంగు వెలిసినవి దూరంగా ఉన్నట్టు లెక్కగట్టడం మెదడుకు అలవాటు. అందుకే మసకలో రన్‌వే ఉన్నదానికంటే దూరంగా, తాము ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నట్టు పైలట్లకు తోస్తుంది. పలచటి పొగమంచులోకి చొరబడగానే విమానం ముక్కు పైకి లేచినట్టు అనిపిస్తుంది, దాన్ని సరిచేయాలని ముక్కు కిందికి నెడితే నేల ముంచుకొస్తుంది. రోడ్డు మీది వేగం గురించైతే శాస్త్రవేత్తల్లోనే వాదం ఉంది. పొగమంచులో మన వేగం మనకు తక్కువగా అనిపిస్తుందనీ, అందుకే తెలియకుండా ఎక్కువ తొక్కుతామనీ 1998లో కార్డిఫ్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో రాశారు. 2012లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు ‘ఈలైఫ్’ పత్రికలో ఆ మాటను తిరగేశారు. పాత ప్రయోగంలో దగ్గరా దూరమూ ఒకేలా మసకబారాయి. అసలు పొగమంచులో దూరంగా ఉన్నవే ఎక్కువ మసకబారతాయి. అలా చూపిస్తే జనం వేగాన్ని ఎక్కువగానే అంచనా వేశారు, నెమ్మదిగానే నడిపారు. మంచులో రోడ్డు మీద జరిగే ప్రమాదాలన్నిటికీ కంటి భ్రమే కారణమని ఇప్పుడు చెప్పడం కష్టం. మనకు తెలిసిన మామూలు కారణం, తొందర, ఇంకా పోటీలోనే ఉంది.

నీరున్న నేల మీద ఈ మోసం మరీ ఎక్కువ. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ అప్పటి కృష్ణా జిల్లాలోని కైకలూరు దగ్గర కూలి ఆయన మరణించారు. దృశ్యత సరిగా లేక, కిందున్న చేపల చెరువును నేలగా పొరబడి దింపబోయి ఉంటారన్నది అప్పట్లో వచ్చిన వివరణ. కొల్లేటి అంచున చెరువు నీటికీ ఆకాశానికీ రంగు ఒకటైపోయే ఉదయాలు తెలిసినవాళ్లకు అది వింతగా తోచదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ దిగకూడని చోట దిగబోయిన కథలు. నియమం ప్రకారం పైకి లేచి కూడా చిక్కుల్లో పడ్డ విమానం కథ ఒకటి మన దగ్గరే ఉంది. తెలుగువాళ్లకు అది బాగా తెలుసు, ఎందుకంటే అందులో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్యతో పాటు చాలామంది సినిమావాళ్లున్నారు. 1993 నవంబర్ 15. మద్రాసు నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ300లో ప్రయాణికులు, సిబ్బంది కలిపి 262 మంది. అప్పట్లో హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న బేగంపేటలో దృశ్యత బాగాలేదు. పైలట్లు దిగకుండా పైకి లేచారు. పాలంలో, అహ్మదాబాద్‌లో జరగనిది ఇక్కడ జరిగింది. అంతవరకూ ఏ తప్పూ లేదు.

పైకి లేచేటప్పుడు చేయాల్సిన పనుల్లో ఫ్లాప్‌లను ముడవడం ఒకటి. రెక్క వెనక అంచు నుంచి కిందికి దిగే పలకలివి. అవి దిగితే రెక్క వంపూ వైశాల్యమూ పెరిగి, తక్కువ వేగంలో కూడా విమానాన్ని మోసే బలం వస్తుంది. దిగేటప్పుడు అవి లేకుండా కుదరదు. దానికి మూల్యంగా గాలి వెనక్కి లాగే శక్తి విపరీతంగా పెరుగుతుంది. ఆ రోజు ఫ్లాప్‌లు ఇరుక్కుపోయాయి, ముడుచుకోలేదు. కాసేపు హైదరాబాద్ దగ్గరే ఉండి సరిచేయాలని చూశారు. కుదరక మద్రాసుకు తిరుగుముఖం పట్టారు.

ఫ్లాప్‌లు దిగి ఉన్న విమానం దిగడానికి పూర్తిగా పనికొస్తుంది. పనికిరానిది దూరప్రయాణానికే. ఆ పలకలు తట్టుకోగల వేగానికి హద్దుంటుంది కాబట్టి నెమ్మదిగా పోవాలి. పలచటి గాలిలో ఇంధనం ఆదా అయ్యే పెద్ద ఎత్తులకు వెళ్లడానికి వీలుండదు. పైగా ఇంజిన్లు ఆ లాగుడును ఎదుర్కొంటూ ఎక్కువ మండించాలి. అంటే కిలోమీటరుకు ఖర్చయ్యే ఇంధనం పెరుగుతుంది, అదే దూరానికి పట్టే సమయమూ పెరుగుతుంది. విమానం బయల్దేరేటప్పుడు గమ్యానికి సరిపడా, అక్కడి నుంచి ఇంకో విమానాశ్రయానికి సరిపడా, ఆపైన అరగంట గాల్లో తిరగడానికి సరిపడా నింపుతారు. ఆ లెక్క మొత్తం ఫ్లాప్‌లు ముడుచుకున్న రెక్కకు వేసింది. బేగంపేట నుంచి మద్రాసు నేరుగా 525 కిలోమీటర్ల చిల్లర. మామూలు ఎ300కు అది గంటలోపు పని. ఆ రోజు ఆ విమానం మామూలుది కాదు.

మద్రాసు అందదని దారిలో తెలిసింది. తిరుపతి వైపు మళ్లారు, అక్కడి రన్‌వే దాకా కూడా ఇంధనం రాలేదు. చివరికి తిరుపతికి సమీపంలో వరిపొలాల్లో దించారు. విమానం మళ్లీ ఎగరడానికి పనికిరాకుండా పోయింది, మనుషుల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఈ సంగతిని సినిమావాళ్లు ఎప్పుడు గుర్తు చేసుకున్నా దించిన పైలట్ ధైర్యం గురించే చెబుతారు. చెప్పుకోదగ్గదే. ఇంజిన్లు ఆగిపోతే ఎ300 లాంటి విమానం రాయిలా పడిపోదు. రెక్క నున్నగా ఉంటే కిలోమీటరు ఎత్తుకు పదిహేను కిలోమీటర్లకు పైగా జారుతూ పోగలదు. ఫ్లాప్‌లు దిగి ఉంటే ఆ దూరం బాగా తగ్గుతుంది కాబట్టి ఎక్కడ దించాలో ఎంచుకునే వ్యవధి కూడా తగ్గుతుంది. దానికి బదులుగా నేలను తాకే వేగం తగ్గుతుంది, ఫ్లాప్‌లు ఉన్నదే అందుకు. మెత్తటి మడి ఆ వేగాన్ని క్రమంగా మింగగలదు. సెకనుకు 70 మీటర్ల వేగంతో తాకిన విమానం 600 మీటర్లలో ఆగిందనుకుంటే లోపలివాళ్ల మీద పడే కుదుపు సగటున గురుత్వంలో సగం కూడా ఉండదు, సీటు బెల్టు పెట్టుకున్నవాళ్లు తట్టుకోగలిగినదే. ట్యాంకుల్లో మండడానికి పెద్దగా ఏమీ మిగలకపోవడం కూడా కలిసొచ్చింది. విమాన ప్రమాదాల్లో కూలడాన్ని తట్టుకున్నవాళ్లు కూడా ఆ తర్వాతి మంటల్లో పోతుంటారు.

పొలంలో దించడానికి ముందు జరిగిన నిర్ణయం గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటాం. మ్యాపులో కొలిస్తే హైదరాబాద్ నుంచి నాగపూర్ 410 కిలోమీటర్లు, మద్రాసు కంటే దగ్గర. కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్ల తర్వాత ఈ మాట అనడం తేలిక. అక్కడి వాతావరణం, సొంత కంపెనీ మెకానిక్కులు ఎక్కడ దొరుకుతారు, వచ్చిన దారినే తిరిగి వెళ్లడంలోని భరోసా, కాక్‌పిట్‌లో ఇవన్నీ తూకానికి వస్తాయి. నాకు తోచేదేమిటంటే, హైదరాబాద్ పైన వాళ్లను చిక్కులో పెట్టింది కూడా ఒక రకం సగం చూపే. ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో గేజీ చూపిస్తుంది. ఆ ఇంధనం, ఆ రెక్కతో, ఎంత దూరం తీసుకెళ్తుందో చూపించదు. అది వేరే పట్టిక తెరిచి, కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క. మసకలో తప్పిపోయిన రన్‌వే గురించీ, ఇరుక్కున్న ఫ్లాప్‌ల గురించీ కంగారు పడుతున్నప్పుడు ఆ లెక్క వేసుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

కంప్యూటర్లు వచ్చాక ఈ బాధ తీరిందనుకుంటే పొరపాటు. 2000 జులై 12న గ్రీసులోని చానియా నుంచి జర్మనీలోని హనోవర్‌కు బయల్దేరిన హపాగ్-లాయిడ్ విమానానికి చక్రాలు పూర్తిగా ముడుచుకోలేదు. అది ఎ310, మన ఎ300కు తమ్ముడి వరస. పైలట్లు చక్రాలు దిగి ఉండగానే ప్రయాణం కొనసాగించారు. ఎంత దూరం పోగలమన్నది విమానంలోని కంప్యూటరు చెబుతూనే ఉంది, కానీ చక్రాల వల్ల గాలి ఎంత లాగుతోందో ఆ లెక్కలో లేదు. చివరికి వియన్నాకు మళ్లారు, కానీ దారిలోనే ఇంధనం పూర్తిగా అయిపోయి, విమానం అక్కడి రన్‌వేకు కొన్ని వందల మీటర్ల ముందు గడ్డినేల మీద కూలింది. తిరుపతిలో లాగే అందరూ బతికారు. 2017 జులైలో కోల్‌కతా నుంచి ముంబై వెళ్తున్న ఎయిర్ ఇండియా ఎ320 వేగం పుంజుకోక, పైకి లేవక, ఇంధనం మాత్రం గబగబా తగ్గిపోతుంటే గంటన్నర సేపు ఎగిరి నాగపూర్‌కు మళ్లింది. అక్కడ దిగడానికి చక్రాలు దించబోయినప్పుడు, కోల్‌కతాలో లేచినప్పటి నుంచీ అవి కిందే ఉన్నాయని పైలట్లకు తెలిసింది.